కెనడా పీఆర్ (శాశ్వత నివాసం): బాబుకు తలసీమియా ఉంటే మెడికల్ దగ్గర ఫైలు ఆగుతుందా?

కృష్ణాతీరం: ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు పీఆర్ ఇచ్చే దారి) ఫైలు. ఏడేళ్ల బాబుకు తలసీమియా మేజర్, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. బాబు వెంట రావట్లేదని చూపిస్తే గట్టెక్కుతుందా?

ఓరుగల్లు: ఎక్కదు. వెంట రాని పిల్లలకూ మెడికల్ తప్పదు. కస్టడీ మీదే అయితే బాబు ఫెయిలైనా ఇంటిల్లిపాదీ ఫెయిలే. అసలు పేరే ఇవ్వకపోతే ఇంకా ఘోరం: ఐదేళ్ల నిషేధం పడొచ్చు, తర్వాత స్పాన్సర్ చేద్దామన్నా ఇమిగ్రేషన్ నిబంధన 117(9)(డి) అడ్డొస్తుంది.

జబ్బు పేరు చూసి కొట్టేయరండీ, దానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు చూస్తారు. 2025లో ఆ ఖర్చు పరిమితి ఏడాదికి 27,162 డాలర్లు, ఐదేళ్లకు 1,35,810. 2018 జూన్‌లో పాత పరిమితిని మూడింతలు చేసి, స్పెషల్ ఎడ్యుకేషన్‌ను లెక్కలోంచి తీసేశారు. ఆటిజం పిల్లల తల్లిదండ్రులు ఇంకా పాత కథలు చదివి హడలిపోతున్నారు.

మందులచీటీ: ఏడేళ్లకు ఎక్స్‌రే ఉండదు (11 నుంచి), హెచ్ఐవీ రక్తపరీక్షా ఉండదు (15 నుంచి). అయినా జబ్బు సంగతి మీరే చెప్పాలి, దాచొద్దు. హెమటాలజిస్ట్ లెటర్లో బరువు, ఎన్నాళ్లకోసారి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), మందు (ఆ ఇనుమును తగ్గించే డెఫెరాసిరాక్స్ లాంటిది) మోతాదు ఉండాలి. "డెఫెరాసిరాక్స్ 500" అని రాసి వదిలేస్తే చాలదు. నీళ్లలో కరిగే మాత్ర 500 మి.గ్రా. అయితే, అదే పనికి ఫిల్మ్‌కోటెడ్ మాత్ర 360 చాలు. ఏ రకమో, జెనరిక్కో బ్రాండో రాయకపోతే ఖర్చు లెక్క తప్పుతుంది.

కృష్ణాతీరం: ప్యానెల్ డాక్టర్ (మెడికల్‌కు కెనడా గుర్తించిన డాక్టర్) ఫర్వాలేదంటే అయిపోయినట్టేనా?

ఓరుగల్లు: ఆయన పరీక్షించి అప్‌లోడ్ చేస్తారంతే. నిర్ణయం ఇమిగ్రేషన్ ఆఫీసర్‌ది. అనుమానం వస్తే ఫెయిర్‌నెస్ లెటర్ (కొట్టేసే ముందు మీ వివరణ అడిగే ఉత్తరం) వస్తుంది, జవాబుకు 90 రోజులు. చాలకపోతే గడువులోపే పొడిగింపు అడగండి.

లెక్కలమాస్టారు: జవాబులో "అన్ని ఖర్చులూ మేమే భరిస్తాం" అని అఫిడవిట్ పెట్టేస్తారు. ఆసుపత్రిలో రక్తం ఎక్కించే ఖర్చుకు ఆ మాట చెల్లదు, ఎందుకంటే పీఆర్ వచ్చాక ప్రభుత్వ వైద్యం వాడుకోకుండా ఎవరూ ఆపలేరు. ఇంటి దగ్గర వేసుకునే మాత్రలకైతే ప్లాన్ పనికొస్తుంది: ఉద్యోగ ఇన్సూరెన్స్ కాగితం, జెనరిక్ ధర, బ్యాంకు నిల్వ. ముందు ఇమిగ్రేషన్ వాళ్లు వేసిన ఖర్చు అంచనాను పద్దు పద్దుగా చూడండి. మాత్రలకు బ్రాండ్ ధర వేసి ఉంటే అక్కడే పట్టుకోవాలి.

మందులచీటీ: వెయిటింగ్ లిస్టు (మీవల్ల అక్కడి రోగుల వైద్యం ఆలస్యమవుతుందనే) మాట కూడా ఫెయిర్‌నెస్ లెటర్లో ఉందేమో చూసుకోండి. అది డబ్బుతో తేలే అభ్యంతరం కాదు, దానికి విడిగా జవాబివ్వాలి.