కాలేజీ లైబ్రరీకి ఐదేళ్ల ప్లాన్ రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కమిటీలో_ఇరుక్కున్నవాడు:

నమస్కారం అందరికీ. నేను లైబ్రేరియన్ని కాదు, కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఈ ఏడాది లైబ్రరీ కమిటీలో నన్ను కూడా వేశారు. వచ్చే ఐదేళ్లలో లైబ్రరీ ఏమేం సేవలు అందించాలో ఒక ప్లాన్ రాసి నెలాఖరుకల్లా ఇమ్మన్నారు. మొదటి మీటింగ్‌లోనే గొడవ. ఒకాయనేమో ఈ రోజుల్లో పుస్తకాలెవరు ముట్టుకుంటున్నారండీ, రాక్‌లన్నీ తీసేసి కంప్యూటర్లు పెడదాం అంటారు. ఒకావిడ ఒక్క పుస్తకం కదిపినా ఊరుకోనంటారు. మరొకాయన ఎక్కడో చూసొచ్చారట, ఆర్‌ఎఫ్‌ఐడీ (పుస్తకానికి అంటించిన చిప్‌ని రేడియో తరంగాలతో కాస్త దూరం నుంచే చదివే పద్ధతి) గేట్లు, సెల్ఫ్ ఇష్యూ మెషీన్, యాప్, చాట్‌బాట్ అంటూ చదువుకుంటూ పోయారు.

విచిత్రం ఏంటంటే, ఇష్యూ అయ్యే పుస్తకాలు ఏటా తగ్గుతున్నాయి, కానీ పరీక్షల ముందు వెళ్తే కూర్చోడానికి కుర్చీ దొరకదు. ఈ రెండూ ఎలా పొసుగుతాయో నాకు అర్థం కావట్లేదు. మా లైబ్రేరియన్ మేడం మీటింగ్ అంతా కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. బయటికొచ్చాక అడిగితే "నన్నెవరూ అడగలేదు కదా సార్" అన్నారు. తల కొట్టేసినట్టయింది.

ఇలాంటి ప్లాన్ రాసినవాళ్లుంటే చెప్పండి. టెంప్లేట్లు మాత్రం వద్దు, నా దగ్గర బోలెడున్నాయి, అన్నింట్లోనూ మొదటి పేజీ విజన్, రెండో పేజీ మిషన్.

పాత_కౌంటర్:

సార్, ముప్పై ఏళ్లు కౌంటర్‌లో కూర్చుని రిటైరైన మనిషిని, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. ముందు ఒక లావుపాటి నోట్‌బుక్ కొని కౌంటర్ మీద పెట్టండి. మేం దానికి "లేదు పుస్తకం" అని పేరు పెట్టుకున్నాం. ఎవరు వచ్చి ఏది అడిగినా, మనం "లేదు" అన్న ప్రతిసారీ అందులో ఒక లైను పడాలి. పుస్తకం లేదు, ఉంది కానీ బయటికెళ్లింది, ఉంది కానీ రాక్‌లో కనబడట్లేదు, ప్రింటర్ పనిచేయట్లేదు, టైమైపోయింది, ఏదైనా సరే. మనుషుల పేర్లు వద్దు, అడిగింది రాస్తే చాలు. కొత్త పుస్తకాలు అడుగుతారేమో అనుకున్నాను నేను. తీరా చూస్తే పేజీలకు పేజీలు "ఉంది కానీ కనబడట్లేదు" అనే ఉంది. మాకు అప్పుడు కావలసింది కొత్త పుస్తకాలు కాదు, ఉన్నవాటిని ఎక్కడివక్కడ సర్దే మనిషి. ఆ పోస్టు ఖాళీ అయి ఏడాదిన్నర, ఎవరికీ పట్టలేదు. పాఠకుడి సమయం ఆదా చేయాలని మన దేశంలో లైబ్రరీ శాస్త్రానికి బాట వేసిన రంగనాథన్ గారు 1931లోనే తన ఐదు సూత్రాల్లో నాలుగోదిగా పెట్టారు, మేమేమో పిల్లల్ని రాక్‌ల మధ్య తిప్పుతూ ఉన్నాం.

ఇక మీ కుర్చీల సంగతి. ఇష్యూ రిజిస్టర్‌కి బయటికెళ్లిన పుస్తకమే తెలుసు. అక్కడే కూర్చుని నాలుగు పుస్తకాలు తిరగేసి టేబుల్ మీద వదిలేసి వెళ్లినవాడు ఏ లెక్కలోకీ రాడు. సాయంత్రం టేబుళ్ల మీద మిగిలినవాటిని రాక్‌లో పెట్టేముందు ఒక్కసారి స్కాన్ చేయించండి, రెండు వారాల్లో మీకే తెలుస్తుంది.

అలాగని కొన్నదల్లా ఎవరో ఒకరు చదువుతారనీ అనను. అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో 1969లో కొన్న పుస్తకాల్ని 1975 దాకా గమనిస్తే దాదాపు 40 శాతం ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదని 1979లో లెక్క తేల్చారు. ఆ లెక్క మీద లైబ్రరీలవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు లెండి. మీ ఇద్దరు సభ్యుల గొడవకి మాత్రం ఒకటే మందు. ఇద్దర్నీ ఒక రాక్ దగ్గరికి తీసుకెళ్లి పుస్తకాల వెనక అట్ట తెరిపించండి. డేట్ స్లిప్ మీద చివరి ముద్ర ఎప్పటిదో చూశాక చాలామంది గొంతు తగ్గిస్తారు. స్లిప్పే తెల్లగా ఉన్న పుస్తకం కూడా చూపించండి, అదే పుస్తకం ఇంకెక్కడా దొరకనిదైతే ఎందుకు ఉంచుతున్నామో కూడా చెప్పండి.

లాగిన్_గోల:

రాక్‌లు తీసేద్దామన్నాయన్ని నా తరఫున ఒక్క మాట అడగండి. చందా ఆపేసిన మర్నాడు మన దగ్గర ఏం మిగులుతుంది? అచ్చు జర్నల్ అయితే చందా ఆపినా పాత సంచికలు బీరువాలో ఉంటాయి. ఈ-జర్నల్ అలా కాదు, పాత సంచికలు శాశ్వతంగా చూడొచ్చని ఒప్పందంలో రాసి ఉంటేనే దిక్కు. ఈ-బుక్స్‌లో మళ్లీ ఒకేసారి ఒక్కరే చదవాలి, ముగ్గురు చదవొచ్చు, ఎంతమందైనా చదవొచ్చు అని రకాలుంటాయి. మేం తెలియక ఒక్కరి లైసెన్స్ తీసుకుని అరవైమంది క్లాసుకి ఆ పుస్తకం చదవమన్నాం. పరీక్ష ముందురోజు రాత్రి నా ఫోన్ ఆగలేదు.

వాడకం లెక్కలు పబ్లిషర్ల దగ్గర అడిగి తీసుకోండి. వాటికి కౌంటర్ అనే ప్రమాణం ఉంది (మన ఇష్యూ కౌంటర్ కాదండోయ్, దాని పేరే అది), 2003లో మొదటిసారి వచ్చింది. ఎన్నిసార్లు తెరిచారన్నదే కాదు, తెరవబోయి లైసెన్స్ లేక ఎన్నిసార్లు వెనక్కి తిరిగారో కూడా ఆ రిపోర్టుల్లో ఉంటుంది. అదే పాత కౌంటర్ గారి "లేదు పుస్తకం", ఆన్‌లైన్‌ది. మా కమిటీ ఎప్పుడూ మొదటి నంబరే చూసి సంబరపడేది.

మరోటి, కాలేజీ వైఫైలో మాత్రమే తెరుచుకునే డేటాబేస్, రాత్రి పదింటికి గదిలో కూర్చుని చదివే పిల్లకి లేనట్టే. బయటినుంచి లాగిన్ అయ్యే ఏర్పాటు లేకపోతే మిగతావన్నీ తర్వాత, ముందు అది చూడండి.

మూల_కుర్చీ:

నేను స్టూడెంట్‌ని. కుర్చీల మిస్టరీ నేను చెప్తాను సార్. మా దగ్గర కిటికీ పక్క నాలుగు కుర్చీలకే ప్లగ్ పాయింట్లున్నాయి, వాటికోసం పొద్దున్నే బ్యాగులు పెట్టి పోతారు. మిగతా హాలు మధ్యాహ్నం దాకా ఖాళీయే. యాప్ ఎవడూ అడగలేదు, ఫోన్లో ఖాళీ లేదు. సర్వే ఫారాలు కూడా పంపకండి ప్లీజ్, అన్నింటికీ "గుడ్" కొట్టి పంపేస్తాం. నిజం కావాలంటే సాయంత్రం ఏడింటికి వచ్చి మూల కూర్చోండి. ఇంకో సంగతి, మా దగ్గర పాత ప్రశ్నపత్రాలు ఫోటోల్లా స్కాన్ చేసి పెట్టారు. వెతికితే ఒక్క ముక్క దొరకదు. చూపు లేని మా ఫ్రెండ్ స్క్రీన్ రీడర్ పెట్టుకుంటే అది "ఇమేజ్" అని ఊరుకుంటుంది, నేనే చదివి వినిపిస్తాను.

బార్‌కోడ్_బాబాయ్:

ఆర్‌ఎఫ్‌ఐడీ అన్న పెద్దాయన్ని మరీ తీసిపారేయకండి. బార్‌కోడ్ అయితే స్టాక్ వెరిఫికేషన్‌కి ఒక్కో పుస్తకం లాగి బీప్ అనిపించాలి, ఆర్‌ఎఫ్‌ఐడీకి రీడర్‌ని రాక్ వెంట నడిపిస్తే చాలు. తప్పు చోట పెట్టిన పుస్తకం కూడా దొరుకుతుంది, పైన చెప్పిన "కనబడట్లేదు" రోగానికి అది మందే. కాకపోతే ఉన్న ప్రతి పుస్తకానికీ ట్యాగ్ అంటించాలి, ఆ పని ఎవరు, ఎన్ని నెలలు చేస్తారో ప్లాన్‌లో ఉండాలి. మెషీన్ వచ్చాక ఖాళీ అయిన స్టాఫ్ ఏం చేస్తారో కూడా రాయండి, లేకపోతే ఆ పోస్టే లేపేస్తారు, అనుభవం మీద చెప్తున్నా.

సాఫ్ట్‌వేర్ మార్చేట్టయితే, మన కేటలాగ్ మొత్తం మార్క్ ఫార్మాట్‌లో (పుస్తకాల వివరాల్ని ఏ లైబ్రరీ సాఫ్ట్‌వేరైనా చదవగలిగేలా రాసే పద్ధతి) బయటికి తీసుకోవచ్చా అని మొదటి రోజే అడగండి. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితమే (1999లో న్యూజిలాండ్‌లో ఒక లైబ్రరీ కోసం మొదలైంది), కానీ సర్వర్‌నీ బ్యాకప్‌నీ చూసుకునే మనిషి ఉచితం కాదు.

కమిటీలో_ఇరుక్కున్నవాడు:

అందరికీ థాంక్స్. వారం రోజులుగా మేడం, నేను కలిసి "లేదు పుస్తకం" రాస్తున్నాం. ఆవిడకి ఇవన్నీ ముందే నోటికొచ్చు, రాసి చూపించమన్నవాళ్లే లేరు. ఎక్కువసార్లు పడ్డ లైను "టైమైపోయింది". రెండోది నా సబ్జెక్టు టెక్స్ట్‌బుక్కే, నేను క్లాసులో చదవమని చెప్పిందే, లైబ్రరీలో ఉన్నవి రెండు కాపీలు. సిగ్గేసింది.

ప్లాన్‌లో మొదటి ఏడాదికి మూడే పెట్టాం. రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచడం, బయటినుంచి లాగిన్, మధ్య టేబుళ్లకు ప్లగ్ పాయింట్లు. స్కాన్‌లని వెతకగలిగేలా మార్చడం రెండో ఏడాది, ఆర్‌ఎఫ్‌ఐడీ మూడో ఏడాది చూద్దామన్నాం, ఆయన కొంచెం అలిగారు. మీటింగ్‌లో నోట్‌బుక్‌ని మేడమే చదివి వినిపించారు, ఈసారి ఎవరూ అడ్డుపడలేదు. ఇప్పుడు కొత్త పేచీ, తొమ్మిదింటికి తలుపులు వేసి తాళం ఎవరు తీసుకెళ్లాలని. దాని మీద రేపు మళ్లీ మీటింగ్.