ఈ వారం సమస్య: ఓటునిచ్చినతడె యోడిపోయె

మాస్టారు (నిర్వాహకులు): అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో 16 ఏళ్లకే ఓటు ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2025 జూలైలో చెప్పింది కదా, మనకీ 18 నుంచి తగ్గించాలా వద్దా అని ఇక్కడ ఒకటే గొడవ. వచనంలో కొట్టుకున్నది చాలు, ఇక పద్యంలో కొట్టుకోండి. ఆటవెలది పద్యంలో నాలుగో పాదం నాది, అదే సమస్య; పై మూడూ మీరు పూరించాలి. ఓటు వయసు దాటి పక్కకి పోవద్దు.

ఓటునిచ్చినతడె యోడిపోయె

కృష్ణాతీరం:
పదునెనిమిది యేండ్ల పడుచువారలకెల్ల
హక్కునిచ్చె గాంధి హర్షమొదవ
ఏడు తిరగకుండ నెన్నిక వచ్చెను
ఓటునిచ్చినతడె యోడిపోయె

రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన రాజ్యాంగ 61వ సవరణ అండి. ఓటు వయసు అంతకుముందు 21 ఉండేది, 1989 మార్చి 28 నుంచి 18 అయింది, అదే నవంబర్లో ఎన్నికలు, 1984లో 400 దాటిన కాంగ్రెస్ 197కి పడింది.

మాస్టారు: ఊహ బాగుంది, ఓటు ఇవ్వడమంటే ఓటుహక్కు ఇవ్వడం అని మలిచారు. కానీ ఉత్త గాంధి అంటే ఎవరికైనా మహాత్ముడే గుర్తొస్తాడు. హర్షమొదవ యతి కోసం (పాదం మొదటక్షరానికి జత కుదరడానికి) వచ్చి కూర్చుంది, తీసేసినా అర్థానికి లోటు లేదు.

కృష్ణాతీరం: రాజీవు అని పెడదామంటే సూర్యగణంలో (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) పట్టదు మాస్టారూ.

మాస్టారు: రెండో పాదంలో పట్టదు, నిజమే. త గణం (రెండు గురువులు, ఒక లఘువు) కదా, బేసి పాదం చివర్లో ఇంద్రగణంగా హాయిగా పడుతుంది, తిరగరాసి చూడండి.

పాలమూరు పిల్లోడు: అన్నా చిన్న డౌటు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడు 42కి 39 ఎంపీ సీట్లు కాంగ్రెస్‌కే వచ్చినయ్ కదా. అసెంబ్లీలో ఓడింది ఎన్టీఆర్, మా కల్వకుర్తిల ఆయనే స్వయంగా ఓడిండు. అంటే నీ పద్యం ఢిల్లీ దాకానే నిజం. అయినా బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల గోలంతా వదిలేసి కొత్త ఓటర్లే ఓడగొట్టిన్రంటే నేనొప్పుకోను.

కొత్త సభ్యురాలు: మొదటిసారి రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి.
నాన్న చెప్పు గుర్తె నాదియు ననుకొని
నొక్కె మీట కొడుకు నోరుమూసి
వేలిమీద సిరా వెలిసిపోయెను తుద
ఓటునిచ్చినతడె యోడిపోయె

మాస్టారు: మొదటి రెండు పాదాలు చాలా బాగున్నాయమ్మా, నోరుమూసి అన్నచోట వ్యంగ్యం కూడా వచ్చింది. మూడో పాదంలో సిరా లగం (లఘువు తర్వాత గురువు), సూర్యగణం కాదు. "వేలిమీది చుక్క వెలవెల బోయెను" అంటే సరిపోతుంది.

కృష్ణాతీరం: వయసు తగ్గించొద్దు అనేది ఇందుకే, 16 ఏళ్ల వాడికి ఓటు ఇస్తే వాళ్ల నాన్నకి రెండు ఓట్లు ఇచ్చినట్టే.

కొత్త సభ్యురాలు: అయ్యో నా పద్యంలో కొడుక్కి 16 అని ఎక్కడుందండీ, 30 ఏళ్లొచ్చినా నాన్న చెప్పిందానికే నొక్కేవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది, వాళ్ల ఓటు తీసేస్తామా? ఆస్ట్రియాలో 2007 నుంచి 16కే ఇస్తున్నారు, స్కాట్లాండ్‌లో 2014 రిఫరెండంలో కూడా ఇచ్చారు, ఏం కొంప మునగలేదు.

పాలమూరు పిల్లోడు: గిదీ మాటంటే. నాదొకటి, టెన్త్ క్లాస్ లీడర్ ఎలక్షన్ మీద:
పదవ తరగతిగది పదవికై యిద్దరు
పోటిపడిన వేళ పొరుగువాని
మంచితనము నెంచి మనసార నొక్కటౌ
ఓటునిచ్చినతడె యోడిపోయె

మాస్టారు: భలే! నిలబడినవాడే అవతలివాడికి ఓటేసి తను ఓడిపోయాడన్నమాట, సమస్యలో ఉన్న వైరుధ్యం ఇక్కడే పూర్తిగా విడిపోయింది. పదవ, పదవి వరసగా రావడం కూడా చెవికి ఇంపుగా ఉంది. నొక్కటౌ కొంచెం బిగువుగా ఉంది, సర్దుకుంటాం. ఈ వారం నా ఓటు దీనికే.

కృష్ణాతీరం: పద్యానికి చప్పట్లు కొడతా కానీ వాదానికి కొట్టను, ఆ పిల్లాడి పోటీలో డబ్బూ లేదు మందూ లేదు కాబట్టి మంచితనం చూశాడు, అసలు ఎలక్షన్లోకి దింపితే 16 ఏళ్ల వాణ్ణి కూడా మనవాళ్లు రెండ్రోజుల్లో తయారుచేస్తారు.

పాలమూరు పిల్లోడు: అయితే తయారుచేసేటోళ్ల ఓటు తీసెయ్యాలన్నా, పిల్లలదెందుకు ఆపుడు? ఓటేసేందుకు 18 చాలంటరు, ఎమ్మెల్యేకి నిలబడాలంటే మళ్ల 25 అంటరు, ముందుగాల గా లెక్క చెప్పుండ్రి.

మాస్టారు: దాని మీద కందంలో సమస్య ఇస్తా, సోమవారం దాకా ఆగండి. కృష్ణాతీరం గారూ, మీ రెండో పాదం ఇంకా బాకీ.