తల్లి లేని కుక్కపిల్లలు ఐదు: తిండి, టీకాలు, దత్తత గురించి చెప్పగలరా?

గుణదల_ఫ్లాట్:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో ఈనిన కుక్క లారీ కింద పడి చనిపోయింది. పిల్లలు ఐదు, మూడు ఆడవి, రెండు మగవి. కళ్లు తెరిచాయి, తూలుతూ నడుస్తున్నాయి, పళ్లు సూదుల్లా తగులుతున్నాయి. నాలుగు వారాలుంటాయేమో. ఒక చిన్న గది ఖాళీ చేసి పెట్టాం. ప్యాకెట్ పాలు, బ్రెడ్డు ఇస్తున్నాం. రెండింటికి నీళ్ల విరేచనాలు, అన్నింటికీ కడుపులు ఉబ్బి ఉన్నాయి, చెవుల్లో గోమార్లు. ఏం పెట్టాలి, ఎంత? స్నానం చేయించవచ్చా? టీకాలు ఎప్పుడు? ఎప్పుడు దత్తతకు ఇవ్వవచ్చు? ఇంట్లో వేరే కుక్క లేదు, ఏడేళ్ల బాబు ఉన్నాడు.

సీసాపాలు:
ప్యాకెట్ పాలు ఈ పూట నుంచే ఆపండి. కుక్క పాలల్లో మాంసకృత్తులు ఆవు పాలకన్నా రెట్టింపు పైనే, లాక్టోజ్ తక్కువ. అందుకే మన పాలు పోస్తే కడుపు నిండినట్టు కనిపిస్తుంది గానీ విరేచనాలవుతాయి, బరువు మాత్రం పెరగదు.

వయసు పళ్లలో తెలుస్తుంది. కోరపళ్లు మూడో వారం నుంచి వస్తాయి, దవడ పళ్లు నాలుగు నుంచి ఆరు వారాల మధ్య. దవడ పళ్లు చిగురు దాటుతుంటే మీ అంచనా సరే. కుక్కలు జతకట్టే చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది, కుక్క చూలు దాదాపు 63 రోజులు. కాబట్టి ఏటా సంక్రాంతి వేళకు నెల పిల్లలు వీధి వీధినా కనిపిస్తాయి.

ఈ వయసుకు సీసా అక్కర్లేదు. కుక్కపిల్లల స్టార్టర్ ఆహారం ఒక వంతు, గోరువెచ్చని నీళ్లు మూడు వంతులు కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టి, జావలా మెదిపి పల్చటి పళ్లెంలో పెట్టండి. కిలో బరువుకు రోజుకు సుమారు 50 గ్రాముల పొడి ఆహారం. కిలోన్నర పిల్లకు 75 గ్రాములు, ఐదు పూటలుగా 15 గ్రాముల చొప్పున. వారం గడిచాక నీళ్లు కొద్దికొద్దిగా తగ్గించండి. ఒకే పళ్లెం పెడితే బలమైనది తిని, బక్కది మూతి తడుపుకుని ఊరుకుంటుంది. విడివిడిగా పెట్టండి.

మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది పెరుగన్నం. అందులో మాంసకృత్తులు చాలవు. ఎముకల్లేని చికెన్, అన్నం రెండు మూడు రోజులకు ఫరవాలేదు. అదే వారాల తరబడి పెడితే కాల్షియం లేక కాళ్లు వంగుతాయి, ఎముకలు సులువుగా విరుగుతాయి. గ్లూకోజ్ బిస్కెట్లు తిండి కిందికి రావు.

కింద అట్ట, దానిపై గోనెసంచి, పైన పాత దుప్పటి. వేడినీళ్ల సీసాను తువ్వాలు చుట్టి ఒక మూలనే పెట్టండి. వేడెక్కితే పక్కకు జరగడానికి చోటుండాలి. ఒళ్లు చల్లబడి వాలిపోయిన పిల్లకు మాత్రం తిండి పెట్టకండి. చలికి పేగులు కదలవు, పెట్టింది వాంతవుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు మెల్లగా వెచ్చబరచండి. తేనె చుక్క చిగుళ్లకు రాయవచ్చు. ఒళ్లు వెచ్చబడ్డాకే తిండి.

వంటింటి కాటా మీద రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. ఒక్కరోజు బరువు పెరగకపోతే గమనించండి, తగ్గితే ఆసుపత్రికి. విరేచనం, వాంతి కన్నా ముందే జబ్బు సంగతి కాటా చెబుతుంది.

స్లైడ్_కింద:
ఉబ్బిన కడుపు, తేలిన వెన్నెముక కలిసి కనిపిస్తే ఏలికపాములే అనుకోవచ్చు. అవి తల్లి గర్భంలోనే పిల్లలకు చేరతాయి, కాబట్టి పరీక్షలో కనిపించినా కనిపించకపోయినా మందు వేయాల్సిందే. రెండో వారం నుంచి రెండు వారాలకోసారి ఎనిమిది వారాల వరకు, ఆపైన ఆరు నెలల వరకు నెలకోసారి. పైరాంటెల్ అయితే కిలోకు 5 మి.గ్రా., ఫెన్‌బెండజోల్ అయితే కిలోకు 50 మి.గ్రా. చొప్పున వరసగా మూడు రోజులు. ఏది వేయాలో డాక్టరు చెప్పాలి, మీ దగ్గర ఉండాల్సింది సరైన బరువు. మందు వేసిన మర్నాడు సేమ్యాలా పురుగులు పడితే కంగారు పడకండి.

పేగుల్లో చేరే ఇంకో సూక్ష్మజీవి కాక్సీడియా. దానికి ఈ మందులు పనిచేయవు. అందుకే రెండు మూడు గంటల్లోపు వేసిన మలం చిన్న డబ్బాలో పట్టుకెళ్లి మైక్రోస్కోప్ కింద చూపించండి. అవసరమైతే దానికి వేరే మందు ఇస్తారు.

బాబు సంగతి. ఏలికపాము గుడ్లు మలంలో పడగానే అంటుకోవు, అంటుకునే దశకు రావడానికి రెండు వారాలైనా పడుతుంది. రోజూ మలం తీసేసి, చేతులు సబ్బుతో కడిగిస్తే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. కుక్కపిల్లల మూతిమీద బాబును ముద్దులు పెట్టనివ్వకండి.

స్నానం వద్దు, గోరువెచ్చని తడిగుడ్డతో తుడవండి, వెంటనే ఆరబెట్టండి. గోమార్లను ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగి, సబ్బు నీళ్లలో వేయండి. గోళ్లతో నలపకండి. పశువుల మందుల షాపులో ఇచ్చే అమిట్రాజ్ ద్రావణం, పర్మెత్రిన్ పొడి ఈ వయసు పిల్లలకు వద్దు. ఫిప్రోనిల్ స్ప్రే బరువు చూసి డాక్టరు కొట్టిస్తారు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం అదే రోజు చూపించాలి, రక్తం తగ్గిందన్నమాట.

గుణదల_ఫ్లాట్:
చాలా థాంక్స్ అండి. పాలు ఆపాక ఒకదానికి విరేచనాలు తగ్గాయి. రెండోది తినడం మానేసి రెండుసార్లు వాంతి చేసుకుంది. క్లినిక్‌లో పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్) పరీక్ష కిట్ పెడితే నెగటివ్ వచ్చింది. ఇక భయం లేనట్టేనా?

కోల్డ్‌చెయిన్:
లేదండీ. జబ్బు మొదట్లో మలంలో వైరస్ తక్కువగా ఉంటే కిట్ నెగటివ్ చూపించవచ్చు. లక్షణాలు తగ్గకపోతే ఒకట్రెండు రోజుల్లో మళ్లీ పరీక్ష చేయించండి, అంతవరకు పార్వో అన్నట్టే మసలుకోండి. ఆ పిల్లను వేరే గదిలో పెట్టండి. మంచివాటికి తిండి పెట్టడం అయ్యాకే దాని దగ్గరకు వెళ్లండి, చెప్పులు, పళ్లెం, గుడ్డ అన్నీ దానికి వేరు. సెలైన్, వాంతి ఆగే ఇంజెక్షన్ ఆసుపత్రిలో పడాలి. విరేచనాలు ఆగడానికి మనుషులు వేసుకునే మాత్ర ఇవ్వకండి. వాంతులవుతుంటే నోట్లో ఏదీ బలవంతంగా పోయకండి.

శుభ్రం చేయడంలో చాలామంది తప్పేది ఇక్కడే. ఫినాయిల్ వాసన ఘాటుగా ఉన్నా పార్వో చావదు. నేలమీద మురికి ముందు సబ్బుతో కడిగేయాలి, మురికి ఉంటే బ్లీచ్ పనిచేయదు. ఆ తర్వాత లీటరు నీళ్లకు 6 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పది నిమిషాలు నేల తడిగానే ఉంచి కడగండి. పౌడర్ కొత్త ప్యాకెట్ అయి ఉండాలి, మూత తీసి నెలలు గడిచినదాంట్లో క్లోరిన్ మిగలదు. యాసిడ్‌తో గానీ ఫినాయిల్‌తో గానీ కలపకండి, విషవాయువు వస్తుంది. పిల్లలు ఆ గదిలోకి నేల పూర్తిగా ఆరాకే.

టీకా విషయం. పార్వో తిరిగే షెల్టర్లలో నాలుగు వారాలకే మొదలుపెట్టేవాళ్లున్నారు. వేరే కుక్కలు లేని ఇంట్లో ఆరు వారాలకు డిస్టెంపర్ (ఇంకో వైరస్ జబ్బు), పార్వోలకు కలిపి వేసే పప్పీ డీపీ టీకా సరిపోతుంది. జ్వరం, విరేచనాలున్న పిల్లకు తగ్గాకే. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి చాలా జబ్బులకు కలిపి వేసే మల్టీ టీకా, చివరిది 16 వారాలు నిండాక. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం అది టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు పోతుందో పిల్ల పిల్లకూ తేడా. అందుకే అన్నిసార్లు. ‘ఒక టీకా అయిపోయింది, బయట తిప్పవచ్చు’ అన్న మాట నమ్మకండి.

రేబిస్ టీకా 12 వారాలకు, మళ్లీ ఏడాదికి. జూలై 6, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. మీరు, బాబు ముందస్తు రేబిస్ టీకా గురించి మీ డాక్టరును అడగండి. తల్లి చరిత్ర తెలియదు కదా. పంటి గీత పడితే సబ్బుతో పారే నీటికింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి. చిన్నపిల్ల కరిస్తే ఏమవుతుందిలే అని ఊరుకోవద్దు.

ఒప్పందపత్రం:
దత్తతకు ఎనిమిది వారాలు నిండాలి. తోబుట్టువులతో పెనుగులాడే ఆ వారాల్లోనే ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకుంటాయి. ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి, పోస్టు మాత్రం విరేచనాలు తగ్గి రెండు వారాలు గడిచాకే. అప్పటిదాకా చూడటానికి కూడా ఎవరినీ పిలవకండి, చెప్పులతోనే జబ్బు వస్తుంది, పోతుంది.

వచ్చేవాళ్లను ‘కుక్కలంటే ఇష్టమా’ అని అడగడం దండగ. అద్దె ఇల్లా, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకున్నారా, పండక్కి ఊరెళితే ఎవరు చూస్తారు, బాల్కనీ గ్రిల్ సందు ఎంత, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఇంట్లో అందరికీ ఇష్టమేనా. ఆఖరి ప్రశ్న ఇంటి పెద్దావిడను అడగండి, పని ఆవిడ మీదే పడుతుంది గనక. ‘కాపలాకు కావాలి, గొలుసుకు కడతాం’ అంటే నమస్కారం పెట్టి పంపేయండి. కుక్కను పెంచనివ్వం అని అసోసియేషన్ తీర్మానం చేసిందంటే, జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చూపించండి. మెజారిటీతో కూడా పెంపుడు కుక్కల్ని నిషేధించే వీల్లేదని వాటిలో ఉంది.

మగపిల్లలు ముందు పోతాయి, ఆడపిల్లలు మిగులుతాయి, నల్లవైతే మరీ. స్టెరిలైజేషన్ హామీ ఒప్పందంలో తేదీతో సహా రాయించండి, ఆరు నెలలప్పుడు ఫోన్ చేసి మరీ గుర్తు చేయండి. ఒప్పందంలో ఇంకో వాక్యం తప్పనిసరి: పెంచలేకపోతే మీకే తిరిగివ్వాలి, వేరొకరికి ఇవ్వకూడదు. ఆధార్ నకలు, టీకా కార్డు, మందుల తేదీలు, వారం తిండి కలిపి ఒకే సంచిలో ఇవ్వండి. తిండి ఒక్కసారిగా మారిస్తే మళ్లీ విరేచనాలు. ఇంటికి మీరే తీసుకెళ్లి దింపండి, ఇల్లూ చూసినట్టుంటుంది. మూడో రోజు, మూడో వారం, మూడో నెల ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్న తమ కొడుకు, కూతుళ్ల కోసం కుక్కపిల్లను అడిగేవాళ్లుంటారు. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడికి ఆరు నెలలు నిండని కుక్కను రానివ్వడం లేదు. ఇండియా నుంచి వెళ్లేవాటికి చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్, చిప్ పెట్టాక వేసిన రేబిస్ టీకా, రక్తపరీక్ష ఫలితం, సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) ఫారం కావాలి. చిప్‌కు ముందు వేసిన రేబిస్ టీకా లెక్కలోకి రాదు. అలాంటి ఇల్లు ఖాయమైతే 12 వారాల ఇంజెక్షన్‌కు ముందే చిప్ పెట్టించేయండి.