అమెరికాలో నల్లజాతి బాలింతల మాట, ఇక్కడ మా చెల్లి మాట ఒకటేనా?

పర్లాకిమిడి అమ్మాయి:
మా చెల్లికి రెండో కాన్పయ్యి నలభై రోజులు దాటింది. బాబు బాగానే ఉన్నాడు, తనే బాగోలేదు. బాబు నిద్రపోయినా తను పడుకోదు, గోడవైపు తిరిగి కళ్ళు తెరుచుకునే ఉంటుంది. కంచం ముందు పెడితే అన్నం కలిపి కలిపి అలాగే వదిలేస్తుంది. మొన్న చెకప్‌కి తీసుకెళ్తే (ఏ ఆసుపత్రో చెప్పను) సిస్టర్ ఒడియాలో గబగబా నాలుగు ప్రశ్నలు వేసింది. చెల్లికి ఒడియా సంతలో బేరమాడేంత వచ్చు, మనసులో ఉన్నది చెప్పుకునేంత రాదు. "భలో అఛి" (బాగానే ఉన్నాను) అంది, అంతే, కార్డు మీద టిక్కు పడిపోయింది. ఇంటికొచ్చాక అడిగితే "చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారక్కా, నాటకాలంటారు" అంది.

ఆ రాత్రే ఫోన్‌లో అమెరికా నల్లజాతి బాలింతల వీడియో ఒకటి వచ్చింది, అందులో ఒకావిడ ఇంచుమించు ఇదే మాట అంది. నిజంగా అక్కడ ఒంటి రంగును బట్టి వైద్యం మారుతుందా, లేక వీడియోల హడావిడా? మా చెల్లికి నేనేం చెయ్యాలో కూడా చెప్పండి. అమ్మేమో గాలి సోకింది, దిష్టి తీయించాలంది. తీయించాం కూడా.

బరంపురం సిస్టర్:
చెల్లీ, నేను బరంపురంలో నర్సింగ్ చదివి ఇప్పుడు అట్లాంటాలో ప్రసూతి వార్డులో పనిచేస్తున్నాను. హడావిడి కాదమ్మా. 2023 లెక్కల్లో ఇక్కడ లక్ష కాన్పులకు నల్లజాతి తల్లులు 50 మంది చనిపోతే, తెల్లజాతి తల్లులు 14, 15 మంది. డబ్బూ పేరూ ఉన్నా తప్పలేదు. నల్లజాతి టెన్నిస్ తార సెరీనా విలియమ్స్ 2017లో కాన్పయ్యాక ఊపిరాడట్లేదు, రక్తం గడ్డకట్టింది, స్కాన్ తీయండి అని తనే చెప్తే, నర్సు నొప్పి మందుల వల్ల ఏదో మాట్లాడుతోంది అనుకుంది. పట్టుబడితే తీశారు, గడ్డలు ఊపిరితిత్తుల్లోనే ఉన్నాయి.

మనసు విషయం ఇంకా అన్యాయం. న్యూజెర్సీలో పేదలకిచ్చే ప్రభుత్వ బీమా ఉన్న తల్లుల మీద 2011లో ఒక పరిశోధన వచ్చింది. కాన్పు తర్వాత మానసిక వైద్యం మొదలుపెట్టినవాళ్ళు తెల్లజాతిలో 9 శాతం, నల్లజాతిలో 4 శాతం. బీమా ఒకటే! దీనికి కారణాలు చాలా ఉన్నాయి గానీ నేను రోజూ చూసేది భయం. "బిడ్డను చూస్తే నాకేమీ అనిపించట్లేదు" అని నోరు జారితే పిల్లల సంరక్షణ శాఖవాళ్ళు వచ్చి బిడ్డను పట్టుకుపోతారేమోనని. అలా ఇంటికి దూరమైన పిల్లల్లో నల్లజాతివాళ్ళు వాళ్ళ జనాభాను మించి ఉన్నారు, కాబట్టి వట్టి అపోహ అని కొట్టెయ్యలేం.

బాలింతల్లో దిగులు (డిప్రెషన్) ఉందేమో చూడటానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల కాగితం ఇస్తాం, 1987 నుంచి ఉంది. ఒకామె అన్నిటికీ సున్నా పడేలా టిక్కులు పెట్టి ఇచ్చింది, చెయ్యి వణుకుతోంది. నేను తీసుకుని ఫైల్లో పెట్టేశాను. తర్వాతి షిఫ్టులో నల్లజాతి నర్సు వచ్చి, కాగితం సంగతి ఎత్తకుండా మంచం అంచున కూర్చుని "నిద్ర పడుతోందా తల్లీ" అంది. గంటసేపు ఏడ్చిందట.

రాయగడ మాస్టారు:
అమెరికా రంగు గొడవ మనకెందుకండీ? ఇక్కడ అందరిదీ ఒకటే రంగు. ఆ సిస్టర్‌కి రోజుకు ఎంతమందో, ఆవిడనీ అనలేం. మా అమ్మ ఆరుగురిని కంది, ఏ డిప్రెషనూ ఎరగదు.

కాశీనగర్ ఆశా అక్క:
మాస్టారూ, మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా?

వాళ్ళ బానిసత్వం కథ వేరు, మనది వేరు, అది ఒప్పుకుంటాను. కానీ మా దగ్గర ఒడియా రాని తెలుగు తల్లిది చిన్న కష్టం, కొండ మీది సవర తల్లికి ఒడియా అంతంతే, తెలుగూ అంతంతే. ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, "ఏయ్" అంటారు. అనేవాళ్ళలో మన తెలుగోళ్ళూ ఉన్నారు. ఒక సవర పిల్ల కాన్పయిన పదో రోజు నుంచి బిడ్డకు పాలివ్వడం మానేసింది. పొగరు అన్నారు. నేనూ అన్నాను, అబద్ధమెందుకు. నాలుగు రోజులకు వాళ్ళ మేనత్త దిగొచ్చి సవరలో అడిగితే, "ఇది నా బిడ్డ కాదు, మార్చేశారు" అంది. అది మామూలు దిగులు కాదు, ఆ మాట వింటే ఆ రోజే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. మేం నాలుగు రోజులు పోగొట్టాం.

అమ్మాయీ, 14416కి చెయ్యి, టెలిమానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, డబ్బు పడదు, తెలుగు కావాలని అడుగు. ఈసారి చెకప్‌కి నువ్వు కూడా లోపలికెళ్ళు. ఆసుపత్రిలో ఉంచితే బాబును లాక్కుంటారని భయపడితే చెప్పు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మూడేళ్ళలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరుచెయ్యకూడదు, తల్లి వల్ల బిడ్డకు ప్రమాదం ఉంటే తప్ప.

పర్లాకిమిడి అమ్మాయి:
అక్కలిద్దరికీ దండం. ఆ పది ప్రశ్నలు తెలుగులో మెల్లగా అడిగాను. పదోది, నీకు నువ్వే ఏమైనా చేసుకోవాలనిపించిందా అన్నదాని దగ్గర ఆగి "అమ్మకి చెప్పకు" అంది. 14416కి చేశాం. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని గదిలోకెళ్ళి నలభై నిమిషాలు మాట్లాడింది. రేపు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్తున్నాం, తెలుగు డాక్టరు దగ్గరికి. బాబు కూడా వస్తున్నాడు.

బరంపురం సిస్టర్:
ఈ రాత్రి ఒంటరిగా వదలకు చెల్లీ. ఇంట్లో మాత్రలు, పురుగుమందు ఉంటే ఇప్పుడే తీసెయ్యి.

పర్లాకిమిడి అమ్మాయి:
పురుగుమందు డబ్బా పక్కింటి పిన్నికి ఇచ్చేశాను. ఎందుకని అడగలేదు ఆవిడ. నేను చెల్లి పక్కనే పడుకుంటున్నాను, బాబు మా ఇద్దరి మధ్య.