పాత లాటరీ ఫలితాల మీద నంబర్ల పద్ధతి టెస్ట్ చేశా, రాండమ్ కన్నా బాగా వస్తోంది. తప్పెక్కడ?

గాజువాక_కుర్రాడు:
అందరికీ నమస్తే. మా బావ ఇంగ్లండ్‌లో ఉంటాడు. బుధవారం, శనివారం అక్కడి లోటో (ఆరు నంబర్లు ఎంచుకునే లాటరీ) డ్రాకి షాపులో టికెట్ కొంటాడు, నంబర్లు మాత్రం ఇక్కడి నుంచి మావయ్య ఫోన్ చేసి చెప్తారు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన దగ్గర్నుంచి ఇదే ఆయన వ్యాపకం. ఒక లాంగ్ నోట్‌బుక్, డ్రా తేదీలు నీలం పెన్నుతో, ఎక్కువసార్లు వచ్చే నంబర్ల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు, వెనక పేజీల్లో ఒక్కో నంబరుకి ఐదేసి గీతల కట్టలు. ఎంత శ్రద్ధగా రాస్తారంటే ఒక్క కొట్టివేత కనపడదు.

ఇన్నాళ్లూ డ్రాకి ఒక్క లైనే, అంటే ఆరు నంబర్ల సెట్టు ఒకటే. ఇప్పుడు ఐదు లైన్లు కొనమంటున్నారు. లైను 2 పౌండ్లు, అంటే వారానికి 20 పౌండ్లు, మన లెక్కలో 2 వేలు దాటుతుంది. "నీకు పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం వచ్చు కదరా, నాన్న పద్ధతిలో పస ఉందో లేదో తేల్చి చెప్పు" అన్నాడు బావ.

1994 నవంబరు 19న జరిగిన మొదటి డ్రా నుంచి ఫలితాలన్నీ ఒక ఫైల్లో పెట్టా, సుమారు 3 వేల డ్రాలు. ప్రతి డ్రాకి ముందు అప్పటిదాకా ఎక్కువసార్లు వచ్చిన 6 నంబర్లు తీసుకుని, ఆ డ్రాలో ఎన్ని కలిశాయో చూశా. తర్వాతి డ్రాల సమాచారం ముందే వాడలేదు, ఆ జాగ్రత్త తీసుకున్నా. సగటున డ్రాకి 0.69 నంబర్లు కలిశాయి. పోలికకి 1 నుంచి 59 లోపు రాండమ్‌గా 6 తీస్తే 0.61 వచ్చింది. తేడా చిన్నదే గానీ ఇన్ని డ్రాల మీద ఊరికే వచ్చేది కాదు. మావయ్యకి చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది, నాకేమో అప్పటినుంచి టెన్షన్. నమ్మాలా వద్దా?

మధురవాడ_కోడర్:
నీ పోస్టులో ఒక్క అంకె దగ్గర ఆగిపోయా. 59. ఆ లోటోలో మొదటి నుంచీ 59 నంబర్లు లేవు. 2015 అక్టోబరు దాకా 49లో 6 తీసేవాళ్లు, ఆ తర్వాతే 59కి పెంచారు. నీ ఫైల్లో మూడింట రెండొంతులు పాత రోజులవే. ఆ డ్రాల్లో 50 పైన నంబరు వచ్చే అవకాశమే లేదు, కానీ నీ రాండమ్ కోడ్ పాపం అప్పుడు కూడా 52, 57 అంటూ రాని నంబర్లు పట్టుకుని కూర్చుంది. మావయ్య పద్ధతి అప్పటిదాకా వచ్చినవాటిలోంచే ఏరుతుంది కాబట్టి 49 దాటదు.

లెక్క వేసి చూడు. 49లో 6 తీసే ఆటలో ఏ ఆరు నంబర్లు రాసినా సగటున కలిసేవి 36/49, అంటే 0.735. 59 అయితే 36/59, అంటే 0.61. నీ 0.69 ఈ రెండింటి మధ్య ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఫైల్‌ని 2015 దగ్గర రెండు ముక్కలు చేసి, ఏ ముక్కకి ఆ ముక్క పరిధిలోనే (49 లేదా 59) రాండమ్ నంబర్లు తీసి మళ్లీ నడుపు. నేనూ షేర్ల డేటా మీద ఇలాంటి పొరపాటే చేసి మూడు వారాలు సంబరపడ్డా, అందుకే వెంటనే పట్టుకోగలిగా.

ఎంవీపీ_లెక్కల_మేడమ్:
పైన చెప్పింది కరెక్టు, నేను ఇంకో మాట కలుపుతా. మళ్లీ నడిపాక కచ్చితంగా 0.61 వస్తుందని అనుకోకు బాబూ. 59 నంబర్లయ్యాక వెయ్యి డ్రాలు ఉన్నాయనుకుంటే, సగటు ఏ కారణం లేకుండానే మామూలుగా 0.02 దాకా అటూ ఇటూ కదులుతుంది, ఒక్కోసారి దానికి రెట్టింపు కూడా, కాబట్టి 0.65 వచ్చినా మరీ ఆశ్చర్యం లేదు. అందుకే ఒక్క రాండమ్ టికెట్‌తో కాదు, పదివేల మంది రాండమ్‌గా ఆడినట్టు నడిపి, ఆ గుంపులో మావయ్య ఎక్కడ నిలబడ్డారో చూడు. మధ్యలో ఎక్కడో ఉంటే పద్ధతిలో ఏమీ లేనట్టే.

అలాగే "ఎక్కువసార్లు వచ్చిన నంబరు" అనే మాట మా పిల్లల్ని కూడా బాగా మోసం చేస్తుంది. 49 నంబర్ల ఆటలో 2,000 డ్రాలకి ఒక్కోటి సగటున 245 సార్లు రావాలి, కానీ ఒకటి 275 దాటడం, ఇంకోటి 215 దగ్గర ఆగిపోవడం మామూలే. బంతులు సమానంగా ఉన్నా అంతే. ఇంకో ప్రమాదం, ఇది ఫెయిలైందని ఆయన "చాలా రోజులుగా రాని నంబర్లు చూడు" అంటారు, తర్వాత సరి బేసి, తర్వాత గత పది డ్రాలు. అలా ఇరవై పద్ధతులు ఒకే ఫైల్ మీద చూస్తే ఒకటి బాగున్నట్టు కనపడి తీరుతుంది. కొంత భాగం ముందే పక్కన పెట్టి, చివర్లో ఒక్కసారే దాని మీద పరీక్షించు.

కంచరపాలెం_బుల్లోడు:
నంబర్ల ఎంపిక ఒక్క చోట పనికొస్తుంది, గెలవడానికి కాదు, గెలిచింది ఎంతమందితో పంచుకోవాలన్న దానికి. 1995 జనవరిలో అదే లోటోలో 7, 17, 23, 32, 38, 42 వస్తే 133 మందికి జాక్‌పాట్ తగిలింది. 1.6 కోట్ల పౌండ్లు ముక్కలై ఒక్కొక్కరికి లక్షా పాతికవేలు కూడా రాలేదు. పుట్టినరోజులని చాలామంది 31 లోపే రాస్తారు, కాబట్టి ఎక్కువమంది రాసేవి తప్పించుకుంటే వాటా పెరుగుతుంది, అవకాశం మాత్రం పెరగదు. బల్గేరియాలో 2009 సెప్టెంబరులో వరసగా రెండు డ్రాల్లో అవే ఆరు నంబర్లు వచ్చాయి, బంతులకి నిన్నటి సంగతి గుర్తుండదు కదా.

ఇంకోటి, బావ అక్కడ తన డబ్బుతో షాపులో కొనుక్కోవడం వేరు. ఇక్కడి నుంచి లాటరీ టికెట్లకని విదేశాలకి డబ్బు పంపడం ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనల కింద నిషేధం. మావయ్య పింఛన్ డబ్బు పంపుతానంటే ఆపు.

గాజువాక_కుర్రాడు:
రెండు ముక్కలు చేసి నడిపా. 2015కి ముందు మావయ్య పద్ధతి 0.73, రాండమ్ 0.73. తర్వాత మావయ్యది 0.60, రాండమ్ 0.61. పదివేల మంది గుంపులో సరిగ్గా నడిమధ్యన ఉన్నారు. కోడర్ గారూ, మేడమ్, చాలా థాంక్స్.

నిన్న సాయంత్రం లాప్‌టాప్ పట్టుకెళ్లా, కానీ తెరవలేదు. ఆయన నోట్‌బుక్కే అడిగి, వెనక పేజీలో 50 నుంచి 59 దాకా ఉన్న గడులు చూపించా. మిగతా నంబర్ల పక్కన కట్టలు కట్టలు గీతలుంటే వాటి పక్కన కొంచెమే ఉన్నాయి. "ఇవి రాని నంబర్లు కావు మావయ్యా, లేటుగా పుట్టిన నంబర్లు" అన్నా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎర్ర పెన్ను తీసి, 2015 అక్టోబరు పేజీ వెతికి, స్కేలు పెట్టి అడ్డంగా ఒక గీత గీశారు. ఆ గీత కింద నుంచి మళ్లీ లెక్క మొదలుపెడతారట. ఐదు లైన్ల మాట మాత్రం తనే వెనక్కి తీసుకున్నారు, బావకి ఫోన్ చేసి "ఒక్కటి చాలు, నంబర్లు రాత్రికి చెప్తా" అన్నారు. డబ్బు ఇక్కడి నుంచి పంపడం లేదు, బావే కొంటున్నాడు, అది అడిగి కనుక్కున్నా.