సమస్యాపూరణం: "పక్షి వాలు చేనె పండు చేను"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. రబీ జొన్న పాలు పట్టే రోజులివి. పిట్ట వాలితే పంట పోయిందని రైతు గుండె బాదుకుంటాడు, వాలిన చేనే పండుతుందని ఈ పాదం అంటోంది. పై మూడు పాదాలు రాసి విప్పండి. గణాలు (అక్షరాల కొలత), యతి (పాదంలో అక్షరాల మైత్రి)తో పాటు సేద్యం కూడా సరిపోవాలి.

రేగడి:
కంకి పాలు పట్టి కళకళలాడగా
చిలుక పిట్ట దండు చేరు కూడి
తాలు గింజలున్న తావుకు రాదది
పక్షి వాలు చేనె పండు చేను

నిర్వాహకుడు: మొదటి పూరణే నిండుగా వచ్చింది. కంకి పట్టిన చేనునే పిట్ట వెతుక్కుంటూ వస్తుందని తేల్చారు. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి దండు దిగుతుంది. ఆ రెండు పూటలూ చేలో మనిషి ఉండాల్సిందే.

తొలకరి:
శనగ కాయ తొలుచు శత్రువౌ పురుగును
గోరువంక పట్టి కొరికి మింగు
కొమ్మ నాటి దాని కూర్చుండబెట్టితి
పక్షి వాలు చేనె పండు చేను

వేపచెట్టు: బాగుందండీ! మా శనగలో ఇంగ్లిష్ టీ అక్షరంలా కర్రలు పాతుతాం, పక్షి స్థావరాలంటారు. గోరింకలు వాటిమీద కూర్చుని పచ్చపురుగును ఏరుకు తింటాయి. కాయ గట్టిపడ్డాక మాత్రం కర్రలు తీసేయాలి. జొన్న, పొద్దుతిరుగుడు గింజ పట్టే వేళ ఉంచితే గింజ తినే పిట్టలకు మనమే పీట వేసినట్టు.

నిర్వాహకుడు: గో-కొ యతి చక్కగా పడింది. చైనాలో 1958లో పిచ్చుకలు గింజలు తింటున్నాయని ఊళ్లకు ఊళ్లు కదిలి వాటిని చంపారు. తర్వాత మిడతలు, పురుగులు పెరిగి పంటలు దెబ్బతిన్నాయి. 1960లో చంపాల్సిన జాబితాలోంచి పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చారు. ఈ పద్యం చదవగానే అదే గుర్తొచ్చింది.

వేపచెట్టు: నాదీ ఒకటి.
రేయి గుడ్లగూబ రెప్పవాల్చక చూచి
పందికొక్కు నొడిసి పట్టి తినును
కర్ర పాతి దాని కాపుగా నిలుపుము
పక్షి వాలు చేనె పండు చేను

తొలకరి: మా వరిలో పందికొక్కు బెడద చెప్పనలవి కాదు. "రెప్పవాల్చక చూచి" ర, సల గణాలుగా విరిగిన తీరు నాకు బాగా నచ్చింది.

పొద్దు:
ఎరుపు వెండి రిబ్బ నెండలో మెరిసెను
గాలి సోక మోగె గట్టిగాను
చిలుక బెదిరి పొరుగు చేనుపై వాలెను
పక్షి వాలు చేనె పండు చేను

నిర్వాహకుడు: ఛందస్సులో వంక లేదు. కానీ సమస్య విడలేదు. మూడో పాదం నుంచి నాలుగోదానికి దారి దొరకదు, చిలుక వాలిన పొరుగు చేను ఎందుకు పండుతుంది? చెప్పిన విషయం మాత్రం చాలా విలువైనది. ఒక్కరు పిట్టల్ని బెదరగొట్టే ఈ మెరుపు రిబ్బన్ కడితే దండు పక్క చేనుకు పోతుంది. చుట్టుపక్కల అందరూ ఒకేసారి విత్తి, ఒకేసారి కాపు కాస్తే నష్టం పంచుకుపోతుంది. రిబ్బన్‌కైనా దిష్టిబొమ్మకైనా కొన్నాళ్లకు పిట్ట అలవాటు పడుతుంది, చోటు మారుస్తుండాలి. ఇదంతా మూడో పాదంలో పెట్టి మళ్లీ రాయండి.

మంచెకాడ: మాది పొద్దుతిరుగుడు. పూవు ఒంగి గింజ పట్టగానే చిలుకలు తలకిందులుగా వేలాడి పొట్టు రాల్చి పప్పు తినేస్తాయి. వాటిని చంపలేం, పట్టలేం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. రాళ్లు విసిరే వడిసెల తిప్పి తిప్పి చేతులు పడిపోతాయి. నా పూరణ చూడండి.
పగలు మంచె మీద పడిగాపు కాసిన
నోటి కూడు మాకు నష్టమాయె
కడుపు మండువాని కడకేగి చెప్పకు
పక్షి వాలు చేనె పండు చేను

రేగడి: రెండో పాదంలో నో-న యతి చెల్లదండీ. "నోటి కూడు చిలుక నోట బడియె" అంటే యతీ కుదురుతుంది, ఎవరు తిన్నారో కూడా తెలుస్తుంది.

మంచెకాడ: అలాగే మార్చుకుంటున్నాను. ధన్యవాదాలు.

నిర్వాహకుడు: ఈ వారం నా ఓటు ఈ సవరించిన పద్యానికే. మిగతావారు సమస్యను నిజం చేసి గెలిచారు, ఈయన అది ఎవరి ముందు అనకూడదో చెప్పి గెలిచారు. మంచె మీద కూర్చున్నవాడి కోపం మూడో పాదంలో అలాగే ఉంది, ఒక్క మాట కూడా అరువు తెచ్చింది కాదు. పొద్దు గారి కొత్త పూరణ కోసం ఆదివారం దాకా ఆగుదాం.