అప్‌డేట్: అమ్మగారి దృష్టి నాడి అంచున కనిపించిన రక్తపు చార

కంటి లోపలి పీడనం మామూలుగానే, 16 mmHg దగ్గరే ఉన్నా, అమ్మగారి దృష్టి నాడి (కంటి నుంచి మెదడుకు చూపును చేరవేసే నరం) అంచున రక్తపు చార ఎందుకు వచ్చిందని ఇంతకుముందు అడిగాను. రంగు మందు ఎక్కించకుండానే రక్తనాళాలను చూపే ఓసీటీ యాంజియోగ్రఫీ అనే కంటి స్కాన్ చేయించాము. నాడి చుట్టూ దట్టంగా ఉండవలసిన కేశనాళికలు, సరిగ్గా ఆ చార ఉన్న కింది వైపే పలచబడి, అక్కడ నల్లని పాయలా కనిపించింది. పీడనం 21 లోపు ఉన్నవారికీ నీటికాసులు (గ్లాకోమా, దృష్టి నాడి క్రమంగా దెబ్బతినే జబ్బు) వస్తాయని, ఇటువంటి చారలు వారిలోనే ఎక్కువని, కొన్ని వారాల్లో అవి కరిగిపోయినా జబ్బు ముదిరే సూచనగానే చూడాలని డాక్టరుగారు వివరించారు. నాళాలు ముందు దెబ్బతిన్నాయా, నరాల పోగులు నశించాక అవి సన్నబడ్డాయా అన్నది వైద్యులలోనే తేలలేదట. నాకైతే అసలు ప్రశ్న అదే అనిపించింది. చుక్కల మందు మొదలుపెట్టారు. రక్తపోటు మరీ తగ్గితే నాడికి రక్తం చాలకపోవచ్చు కాబట్టి, రాత్రి వేసుకునే బీపీ మాత్రతో నిద్రలో అది మరీ పడిపోతోందేమో తెలుసుకోవడానికి 24 గంటల రక్తపోటు పరీక్ష రాశారు.